వేడి పెరిగితే సోలార్ ప్యానెల్ ఎక్కువ కరెంటు ఇస్తుందా?

ఇవ్వదు, వేడెక్కిన కొద్దీ ప్యానెల్ ఉత్పత్తి తగ్గుతుంది. కరెంటు పుట్టేది వెలుతురు ప్యానెల్‌లోని సిలికాన్ పలకల్లో (సెల్స్) ఉండే ఎలక్ట్రాన్లను కదిలించడం వల్ల. వేడికి ఆ ప్రవాహం రవ్వంత పెరిగే మాట నిజమే గానీ, వోల్టేజీ అంతకంటే బాగా పడిపోతుంది. రెండింటి లబ్ధమే పవర్ కాబట్టి చివరికి నష్టమే.

ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు కొలిచినవి. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి సాధారణ సిలికాన్ ప్యానెల్ సుమారు 0.3 నుంచి 0.4 శాతం కోల్పోతుంది. 400 వాట్ల ప్యానెల్ ఎండలో 65 డిగ్రీలకు చేరిందనుకుందాం (గాలి 35 డిగ్రీలే ఉన్నా ఇది మామూలే). తేడా 40 డిగ్రీలు. 0.35 శాతం లెక్కన 14 శాతం, అంటే 56 వాట్లు పోయినట్టే. ప్యానెళ్లను పైకప్పుకు ఆనించకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో బిగించేది ఇందుకే.

నీళ్లు కాచే సోలార్ హీటర్‌ను చూసి చాలామంది పొరబడతారు. అది వేడిని పట్టుకునే పరికరం, ప్యానెల్ పని వేరు. ఆకాశం నిర్మలంగా ఉన్న చలి మధ్యాహ్నం, నేరుగా ఎండ పడే ప్యానెల్ ఆ కాసేపు వేసవిని మించి ఇవ్వగలదు. రోజు మొత్తం లెక్క వేస్తే మాత్రం, పగటి సమయం ఎక్కువ కాబట్టి సాధారణంగా వేసవిదే పైచేయి.