భయం పోయాక వెళ్దామనుకున్నాను

ప్రియ సహోదరీ, వందనాలు.

మీ ప్రశ్న మూడుసార్లు చదివాను. బి.ఎడ్. పూర్తిచేసి పట్నంలో మంచి పాఠశాలలో పనిచేస్తున్నారు. పాడేరు దాటి ఇంకా లోపలికి వెళ్తే వచ్చే ఒక చిన్న వసతిగృహంలో పిల్లలకు చదువు చెప్పమని దేవుడు పిలుస్తున్నట్టు ఏడాదిగా మనసుకు అనిపిస్తోంది. ఇంట్లో వద్దంటున్నారు, అక్కడి పిల్లల భాష మీకు రాదు, తలచుకుంటే రాత్రి నిద్ర పట్టడం లేదు. "ఇంత భయం ఉందంటే నాకు విశ్వాసం లేనట్టేనా? భయం పోయేవరకు ఆగాలా?" అని అడిగారు.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే నేను ఎనిమిది నెలలు అలాగే ఆగాను. భయం పోవడం కోసం ఆగకండి. అది మన గదిలో కూర్చుని ఉండగా పోయే రకం కాదు.

నేను నర్సును. 2009లో గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం. ఒక మధ్యాహ్నం కాళ్లకు గుడ్డలు చుట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చారు. కుష్ఠువ్యాధి అని చూడగానే తెలుస్తోంది. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. మెట్ల పక్కన కూర్చోబెట్టి, ఇంకో ఆసుపత్రి పేరు చీటీ మీద రాసి పంపేయమన్నారు. ఆ చీటీ తీసుకువెళ్లింది నేనే. ఆయన చేయి చాపారు. వేళ్లు సగానికి లేవు. నేను చీటీని ఆ చేతిలో పెట్టలేదు. పక్కనున్న అరుగు మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక చిన్న రాయి ఉంచి వచ్చేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. వంగి, రెండు అరచేతుల మధ్య ఆ కాగితాన్ని ఒత్తిపట్టుకుని పైకి తీసుకుని, లేచి వెళ్లిపోయారు.

ఆ వారంలోనే మార్కు సువార్త మొదటి అధ్యాయం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి సండేస్కూల్లో విన్న భాగమే. కుష్ఠరోగి మోకాళ్లూని వేడుకుంటాడు, యేసు కనికరపడి, చెయ్యి చాపి అతన్ని ముడతాడు, తరువాత "శుద్ధుడవు కమ్ము" అంటాడు. అన్నాళ్లూ నా కళ్లకు కనబడనిది ఆ రోజు కనబడింది: ముట్టుకోవడం ముందు, బాగవడం తరువాత. ముట్టుకున్నప్పుడు అతను ఇంకా కుష్ఠరోగే. మాటతోనే బాగుచేయగలిగిన ప్రభువు చేయి ఎందుకు చాపాడు? నా చేయి ఏం చేసిందో గుర్తొచ్చింది. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

ఉత్తరాంధ్రలో, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా, మిషన్ వారి పాత కుష్ఠువ్యాధి ఆసుపత్రి ఒకటి ఉందని, అక్కడ నర్సులు దొరకడం లేదని మా సంఘంలో ప్రార్థన అంశంగా చెప్పేవారు. ఎన్నో ఆదివారాలు విని "ఆమేన్" అన్నాను. ఆ వారం మాత్రం ఆ మాట నా మీదికే వచ్చినట్టు అనిపించింది.

ఇక భయం సంగతి. చదువుకున్న నర్సుగా నాకు విషయం తెలుసు. ఈ వ్యాధి ముట్టుకుంటే అంటుకునేది కాదు. చికిత్స లేని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగితే తుంపరల ద్వారా రావచ్చు, అదీ ఎక్కువమందికి సహజంగానే నిరోధకశక్తి ఉంటుంది. 1980ల నుంచి బహుళ ఔషధ చికిత్స ఉంది. ఆరు నెలలో ఏడాదో మందులు వాడితే నయమవుతుంది, మందులు మొదలుపెట్టిన కొద్దికాలానికే ఇతరులకు సోకడం ఆగిపోతుంది. ఇవన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా ఒళ్లు ఒప్పుకోలేదు. దానికి తోడు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. "కుష్ఠు ఆసుపత్రిలో చేసే పిల్లను ఎవరు చేసుకుంటారే?" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన నాన్న ఏమీ అనలేదు, మాట్లాడటమే మానేశారు.

అప్పుడు నేను చేసిన పని, బహుశా మీరూ ఇప్పుడు చేస్తున్న పని, గుర్తులు అడగడం. ఈ నెల జీతం పెరిగితే ఇక్కడే ఉండమని, పెరగకపోతే వెళ్లమని అర్థం చేసుకుంటానన్నాను. జీతం పెరగలేదు. అయితే ఫలానా వాక్యం ఫలానా రోజు సంఘంలో వినబడాలన్నాను. అదీ వినబడింది. అప్పుడు మూడోది అడిగాను. నాకు కావలసింది దేవుని చిత్తం కాదు, ఇంకొన్ని రోజుల గడువు అని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక సాయంత్రం కూడిక అయ్యాక మా పాస్టరుగారు పక్కకు పిలిచి, "ఎన్నాళ్లుగా ప్రార్థన చేస్తున్నావమ్మా?" అని అడిగారు. ఎనిమిది నెలలన్నాను. "ఏమని చేస్తున్నావు?" భయం తీసేయమని, అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, న్యాయాధిపతులు ఆరో అధ్యాయం తీసి దేవుడు చెప్పినట్టు గిద్యోను బయలు అనే దేవత బలిపీఠాన్ని పడగొట్టిన వచనాలు నన్నే పైకి చదవమన్నారు. మీరూ ఒకసారి తీసి చూడండి. గిద్యోను తన తండ్రి ఇంటివారికి, ఊరివారికి భయపడ్డాడు. పగలు చేయలేక, పదిమంది పనివాళ్లను వెంటబెట్టుకుని రాత్రిపూట చేశాడు. "దేవుడు ఎక్కడైనా అతన్ని గద్దించాడా, చూడు" అన్నారు పాస్టరుగారు. ఎంత వెదికినా లేదు. పగలెందుకు చేయలేదని దేవుడు అడగలేదు. భయంతో, చీకట్లో చేసిన పనినీ విధేయతగానే తీసుకున్నాడు.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. భయం ఉంటే విశ్వాసం లేనట్టు కాదు. కీర్తనాకారుడు "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అన్నాడు. భయమే రాదని అనలేదు. గెత్సేమనే తోటలో మన ప్రభువే మిగుల కలవరపడి, ఈ గిన్నె తొలగించమని తండ్రిని వేడుకున్నాడు. భయపడేవారికి విశ్వాసం లేదని వేదికల మీద తేలికగా చెప్పేవాళ్ల మాట వింటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ మాట వల్లే ఎంతమంది తమలో ఏదో లోపముందనుకుని, ఇంటి దగ్గరే ఉండిపోయారో.

పాస్టరుగారు ఇంకో మంచి సలహా ఇచ్చారు. రాజీనామా చేయవద్దు, వారం రోజులు సెలవు పెట్టి వెళ్లి రా, అన్నారు. వెళ్లాను.

మొదటి రోజు ఉదయం నన్ను పుళ్లకు కట్లు కట్టే గదిలో ఉంచారు. వరండాలో ఎనిమిది, పది ప్లాస్టిక్ తొట్లు వరుసగా ఉన్నాయి. రోగులు వాటిలో కాళ్లు నానబెట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఈ వ్యాధిలో నరాలు దెబ్బతిని పాదాలకు స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు. చెమట కూడా పట్టదు గనుక చర్మం ఎండి పగులుతుంది, ఆ పగుళ్లే పుళ్లవుతాయి. అందుకే రోజూ ఇరవై నిమిషాలు నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాలి. మందులు అయిపోయినా, వ్యాధి నయమైపోయినా, ఈ పని మాత్రం జీవితాంతం.

ఒక ముసలమ్మ వచ్చి నా ఎదుటి ముక్కాలి పీట మీద కుడికాలు పెట్టింది. కట్టు విప్పాలి. చేతి తొడుగులు వేసుకున్నాను. కత్తెర పట్టుకున్నాను గానీ చేయి వణుకుతోంది, గుడ్డ అంచు కత్తెరకు దొరకడం లేదు. ఆమె నా ముఖంలోకి, నా చేతిలోకి చూసింది. "కొత్తగా వచ్చావా తల్లీ? భయపడకు. నాకు నొప్పి తెలవదులే" అంది.

ఆమెను నొప్పించేస్తానని వణుకుతున్నాను అనుకుంది. లేదా అసలు కారణం తెలిసే, నన్ను కాపాడటానికి అలా అందేమో. పదిహేను సంవత్సరాలు దాటినా తేల్చుకోలేకపోయాను. అంతకాలం దేవుణ్ణి ఏ ధైర్యం అడిగానో, ఆ ధైర్యాన్ని నేను ఎవరికి భయపడ్డానో వారి నోటనే పంపించాడు. గుంటూరులో నా గదిలో ఆ మాట వినడం కుదిరేదే కాదు. ఆ పీట ముందు కూర్చుంటేనే వినబడే మాట అది.

ఎడమచేత్తో మడమ పట్టుకుని కట్టు విప్పాను. భయం అప్పుడూ పోలేదు. ఆ రోజు పద్నాలుగు కట్లు కట్టాను, రాత్రి అన్నం సయించలేదు. వారం తరువాత గుంటూరు వచ్చి రాజీనామా ఇచ్చాను. ఆ భయం ఎప్పుడు పోయిందో నిజంగా తెలియదు. నాలుగైదు నెలలు గడిచాక ఒక రోజు, ఒక పాప ఆస్పత్రి ఆవరణలో పడిపోతే పరిగెత్తి వెళ్లి ఎత్తుకున్నాను. ఆమె కొత్తగా చికిత్సకు చేరిన పిల్ల అని ఆ తరువాత గుర్తొచ్చింది.

భాష గురించి అడిగారు. నా దగ్గరికి వచ్చేవారిలో సగంమంది ఒడియా మాట్లాడేవారు. నాకు ఒక్క ముక్క రాదు. మా అమ్మమ్మది డోర్నకల్ వైపు. అజరయ్య బిషప్‌గారి సంగతి ఆమె తరచు చెప్పేది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టారు. 1903లో తిరునెల్వేలి సంఘాలవారు సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకోవడంలో ముందున్నది ఆయన. ఆ సంఘం నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి సువార్తికులను పంపింది. ఇతరులను వెళ్లమని చెబుతూ తాను ఉండిపోవడం ఆయనకు మనసొప్పలేదు. వై.ఎం.సి.ఎ.లో పెద్ద బాధ్యత వదులుకుని 1909లో తానే డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. అక్షరాల నుంచి మొదలుపెట్టి తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. 1912 చివరలో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు, 1945 జనవరి 1న కన్నుమూసేవరకు ఈ తెలుగు పల్లెల మధ్యే గడిపారు. ముప్పై అయిదేళ్ల వయసులో, ఎంతో పేరున్న మనిషి, పిల్లల ముందు తప్పులు మాట్లాడటానికి సిద్ధపడ్డారు చూడండి! నాకైతే బిషప్ పదవి కంటే అదే గొప్పగా తోస్తుంది. నోటిమాంద్యం గలవాడినన్న మోషేకు దేవుడు నాలుక మార్చలేదు, పక్కన అహరోనును పెట్టాడు. నాకు ఆ ముసలమ్మను పెట్టాడు. "నొప్పి ఉందా", "ఎప్పటి నుంచి", "మళ్లీ రండి" అనే మాటలు ఒడియాలో మొదట నేర్పింది ఆమే. మీకు ఆ వసతిగృహం పిల్లలే నేర్పుతారు. వాళ్ల భాషలో మాట్లాడబోయి తడబడే టీచరమ్మను పిల్లలు ఎంత ప్రేమిస్తారో చూస్తారు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రతి భయమూ దాటవలసినది కాదు. కొన్ని భయాలు హెచ్చరికలు. నేను ఆలోచించుకున్న తేడా ఇది: నాకు అవమానం కలుగుతుందేమో, డబ్బు తగ్గుతుందేమో, చేతకాదేమో అన్న భయాలు దాటవలసినవి. అక్కడ నడిపేవారు లెక్కలు చూపించరు, ఆడపిల్లలకు రక్షణ లేదు, ప్రశ్నిస్తే "నీకు విశ్వాసం లేదు" అని నోరు మూయిస్తారు అన్న భయమైతే, అది దేవుడు మనకిచ్చిన వివేకం. ఎవరో వచ్చి "నువ్వు ఫలానా చోటికి వెళ్లాలని దేవుడు నాతో చెప్పాడు" అంటే కూడా తొందరపడకండి. ఆయన మీతో ఏడాదిగా మాట్లాడుతున్నాడు కదా, మీతోనే చెబుతాడు. ఆ వసతిగృహం ఎవరు నడుపుతున్నారో, అనుమతులు ఉన్నాయో లేవో, మీరు ఉండే గదికి తలుపు గడియ సరిగ్గా ఉందో లేదో అన్నీ అడిగి తెలుసుకోండి. ఇది అవిశ్వాసం కాదు. నర్సుగా ఇంకొకటి: దోమతెర తప్పక తీసుకువెళ్లండి. ఏజెన్సీలో మలేరియాను తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంటివాళ్ల విషయంలో నేను మీకు తీపి మాటలు చెప్పలేను. వచ్చిన సంబంధం తప్పిపోయింది. జీతం సగానికి తక్కువైంది. నాన్న అయిదు నెలలు ఫోనులో కూడా మాట్లాడలేదు, అమ్మ మాట్లాడుతుంటే వెనక దగ్గు మాత్రం వినబడేది. ఆ దగ్గు కోసమే కొన్ని రోజులు ఫోను చేసేదాన్ని. అన్నింటికంటే కష్టమైంది అదే. గిద్యోను కథలో మిగతా భాగం అప్పుడు ఎన్నిసార్లు చదివానో. తెల్లవారి ఊరంతా వచ్చి గిద్యోనును చంపాలని అడిగితే, అతనికి అడ్డం నిలబడింది ఎవరు? ఏ తండ్రికి భయపడి రాత్రిపూట చేశాడో ఆ యోవాషే. బయలు దేవుడైతే తన పక్షాన తానే వాదించుకోనివ్వండి, అన్నాడు. ఆ తండ్రి మనసులో ఏముందో కొడుకుకు ముందు రాత్రి తెలియదు.

రెండో ఏడాది వేసవిలో నాన్న చెప్పకుండా వచ్చారు. ఒక సంచి నిండా మామిడిపళ్లు తెచ్చారు. నేను పనిలో ఉంటే, స్పర్శ లేని పాదాల కోసం మెత్తని రబ్బరుతో చెప్పులు కుట్టే షెడ్డు దగ్గర రెండు గంటలు కూర్చున్నారట. మేకులు వాడితే కాలికి గుచ్చుకున్నా తెలియదని, అందుకే అంతా దారంతో కుట్టి, జిగురుతో అతికిస్తామని అక్కడి పెద్దాయన చెబుతుంటే వింటూ ఉండిపోయారు. సాయంత్రం పళ్లు కోసి ఆయనే వార్డులో పంచిపెట్టారు. అరుగు మీద పెట్టలేదు, ఒక్కొక్కరి చేతిలో పెట్టారు. చీటీ సంగతి నాన్నకు నేను ఎప్పుడూ చెప్పలేదు.

మీ నాన్నగారూ అలాగే మారతారని మాట ఇవ్వలేను. కొందరి ఇళ్లలో మారలేదు, నాకు తెలుసు. కానీ ఇవాళ రాత్రి వారి మనసులో ఏముందో మీకూ తెలియదు కదా.

జూన్‌లో పాఠశాలలు తెరిచేలోపు ఒక్క వారం ఆ ఊరికి వెళ్లి రండి. ఉద్యోగం వదలవద్దు, ఎవరికీ మాట ఇవ్వవద్దు. వెళ్లి, పిల్లలతో కూర్చుని అన్నం తిని, రాత్రి అక్కడే పడుకుని రండి. ఒంటరిగా కాకుండా మీ సంఘంలో నమ్మకమైన అక్క ఎవరినైనా తోడు తీసుకువెళ్లండి. గిద్యోను వెంట పదిమంది వెళ్లారు. వచ్చాక ఇక్కడే రాయండి, ఎదురుచూస్తుంటాను. మీ పేరు తెలియదు గనుక, ఈ రాత్రి నుంచి కుటుంబ ప్రార్థనలో "పాడేరు వెళ్లబోయే చెల్లి" అని మిమ్మల్ని జ్ఞాపకం చేసుకుంటాం.