రాత్రి క్యాజువాలిటీలో చూసిన డాక్టరు స్పెషలిస్టు కాదట, మా క్లెయిమ్ పోయినట్టేనా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఒక రాత్రి ఒంటిగంటన్నరకి నాన్నగారికి ఛాతీలో నొప్పి వస్తే, దగ్గర్లో ‘24 గంటల ఎమర్జెన్సీ’ బోర్డున్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. ముందు 40 వేలు అడ్వాన్స్ కట్టమన్నారు, కట్టాకే ఈసీజీ తీశారు. గుండెపోటని చెప్పి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లారాక హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడ స్టెంట్ క్యాష్‌లెస్‌లోనే అయిపోయింది. మొదటి ఆస్పత్రి బిల్లు 68 వేలు మాత్రం ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వమన్నారు. 24 గంటల అడ్మిషన్ లేదట, అది నెట్‌వర్క్ ఆస్పత్రి కాదట. తర్వాత వెతికితే, లెటర్‌హెడ్ మీద ‘ఎమర్జెన్సీ స్పెషలిస్ట్’ అని ఉన్న ఆ డాక్టరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్లో ఎంబీబీఎస్ మాత్రమే. డల్లాస్‌లో ఉన్న మా చెల్లి “డాక్టరు మన ఇన్సూరెన్స్ తీసుకుంటాడో లేదో కనుక్కోకుండా ఎలా వెళ్లావు” అని తిడుతోంది. డబ్బు వస్తుందా? డాక్టరు మీద కేసు వేయొచ్చా?

జవాబు: ముందు మీ చెల్లెలి మాట తేల్చేద్దాం. ఆమె తప్పేం లేదు, అమెరికా లెక్క అది. అక్కడ ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉన్నా క్యాజువాలిటీలో చూసిన డాక్టరు నెట్‌వర్క్‌లో లేక విడిగా బిల్లు పంపడం మామూలుగా జరిగేది, ఆ గోల భరించలేకే 2022 జనవరి నుంచి ‘నో సర్‌ప్రైజెస్ యాక్ట్’ అని చట్టం తెచ్చి ఎమర్జెన్సీలో అలా అదనంగా గుంజడాన్ని చాలావరకు ఆపారు. మన దగ్గర క్యాష్‌లెస్ ఒప్పందం ఇన్సూరెన్స్ కంపెనీకీ ఆస్పత్రికీ మధ్య ఉంటుంది, డాక్టరు ఫీజు కూడా ఆస్పత్రి బిల్లులోనే కలిసి వస్తుంది. డాక్టరుతో మీకు పేచీ వచ్చేది ఒక్క చోటే. కంపెనీలు కొన్ని ఆస్పత్రులనీ డాక్టర్లనీ ‘ఎక్స్‌క్లూడెడ్ ప్రొవైడర్స్’ అని బ్లాక్‌లిస్టులో పెట్టి తమ వెబ్‌సైట్లో ఉంచుతాయి. వాళ్ల దగ్గర వైద్యం చేయించుకుంటే క్లెయిమ్ రాదు. అయితే ప్రాణం మీదికొచ్చినప్పుడో యాక్సిడెంట్ అయినప్పుడో అక్కడికి వెళ్లినా, రోగి నిలకడపడేదాకా అయిన ఖర్చు ఇవ్వాల్సిందే. ఇది పాలసీల్లో ఉండే స్టాండర్డ్ క్లాజే, మీ పాలసీలోనూ చూడండి. అంటే బ్లాక్‌లిస్టులో ఉన్న ఆస్పత్రికే ఆ మాత్రం దక్కుతుంటే, కేవలం నెట్‌వర్క్‌లో లేదన్న కారణంతో మీది మొత్తం కొట్టేయడం కుదరదు. నెట్‌వర్క్‌లో లేకపోతే క్యాష్‌లెస్ దొరకడం కష్టం కావచ్చు, కానీ రీయింబర్స్‌మెంట్ (ముందు మనం కట్టి, తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకోవడం) ఉన్నదే అందుకు. మీ క్లెయిమ్ కొట్టేసినవాళ్లకి ఈ సంగతి తెలియదని నేననుకోను.

24 గంటల సంగతి కాస్త చిక్కే. ఆ బిల్లుని విడి క్లెయిమ్‌గా పెడితే వాళ్ల మాటే నెగ్గుతుంది, ఆరేడు గంటలకి హాస్పిటలైజేషన్ అవ్వదు. కానీ మీరు దాన్ని విడిగా పెట్టడమే పొరపాటు. హైదరాబాద్‌లో స్టెంట్ వేసింది ఇదే గుండెపోటుకి, ఆ క్లెయిమ్ వాళ్లే పాస్ చేశారు. అడ్మిషన్‌కి ముందు అదే జబ్బుకి అయిన ఖర్చుని ‘ప్రీ హాస్పిటలైజేషన్’ కింద ఇవ్వాలి, చాలా పాలసీల్లో దీనికి 30 రోజులో 60 రోజులో గడువుంటుంది. మీది కొన్ని గంటల ముందు ఖర్చు. కాబట్టి స్టెంట్ క్లెయిమ్ నంబరు పైన వేసి, ఈ 68 వేలని దానికి ముందు ఖర్చుగా మళ్లీ పరిశీలించమని కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి మెయిల్ పెట్టండి. ఈ దారి తెలియక డబ్బు వదిలేసుకున్నవాళ్లు నా దగ్గరకే చాలామంది వచ్చారు, అప్పటికి గడువు దాటిపోయి.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) రాయండి. తెలంగాణ, ఆంధ్ర రెండూ ఆ ఆఫీసు కిందే ఉన్నాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు (మాకు నష్టమే అయినా చెప్తున్నా). ఏడాదిలోపు వెళ్లాలి.

ఇక డాక్టరు. మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ని విడి స్పెషాలిటీగా మెడికల్ కౌన్సిల్ గుర్తించిందే 2009లో. ఎండీ ఎమర్జెన్సీ మెడిసిన్, డీఎన్‌బీ ఎమర్జెన్సీ మెడిసిన్ చదివినవాళ్లు అందుకే ఇంకా తక్కువ, జిల్లా కేంద్రాల్లో రాత్రి ఒంటిగంటకి దొరకడం మరీ అరుదు. కొన్ని పెద్ద ఆస్పత్రులు విదేశీ యూనివర్సిటీతో కలిసి ఎంఈఎం అని ఒక కోర్సు ఇస్తాయి. అందులో పని బాగానే నేర్పుతారు గానీ మన మెడికల్ కమిషన్ గుర్తించిన పీజీ కాదది. మీరు పంపిన లెటర్‌హెడ్ ఫోటోలో పేరు పక్కన ఆ మూడక్షరాలే ఉన్నాయి.

ఎంబీబీఎస్ చేసి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో పేరున్న డాక్టరు క్యాజువాలిటీలో గుండెపోటు రోగిని చూడటం, ఆ ఇంజెక్షన్ ఇవ్వడం నేరం కాదు. పాలసీల్లో ‘మెడికల్ ప్రాక్టీషనర్’ అంటే రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరనే అర్థం, స్పెషలిస్టని కాదు, కాబట్టి మీ క్లెయిమ్‌కి దీంతో ఢోకా లేదు. తప్పెక్కడంటే ‘స్పెషలిస్ట్’ అన్న మాట దగ్గర. ఆ విభాగంలో గుర్తింపున్న అర్హత లేకుండా స్పెషలిస్టుగా చెప్పుకోకూడదని 2002 నాటి వైద్య నైతిక నియమావళిలో ఉంది, గుర్తింపు లేని డిగ్రీలు పేరు పక్కన తగిలించకూడదనీ ఉంది. తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు ఇవ్వచ్చు. అసలు ఎంబీబీఎసే లేనివాడై ఉంటే కథ వేరు, నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ఇంకో మాట, రిజిస్టర్లో వెతికేటప్పుడు ‘అడిషనల్ క్వాలిఫికేషన్’ కూడా చూశారా? పీజీ చేసినా దాన్ని కౌన్సిల్లో ఎక్కించుకోని డాక్టర్లుంటారు. ఫిర్యాదుకి ముందు అది అడిగి తెలుసుకోండి.

నన్నడిగితే ఆ డాక్టరు మీద కేసు వద్దంటాను. ఇంజెక్షన్ ఇచ్చాడు, మీ నాన్నగారు బతికి బయటపడ్డారు, వైద్యంలో నిర్లక్ష్యం ఉందని చూపడానికి మీ చేతిలో ఏమీ లేదు. నాకు మండింది అడ్వాన్స్ దగ్గర. ప్రాణాపాయంలో వచ్చినవాడికి ముందు వైద్యం అందించాల్సిందేనని, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఒకటేనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. తెలంగాణలో అమల్లో ఉన్న 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కూడా, ఉన్న సిబ్బందితో, సదుపాయాలతో రోగిని నిలకడపరచమనే అంటుంది. డబ్బు కట్టేదాకా ఈసీజీ ఆపడం దానికి పూర్తిగా విరుద్ధం.

మీరు పంపిన కాగితాల్లో నా కళ్లు ఆగింది రెండింటి మీద. అడ్వాన్స్ రసీదు మీద 2:04 అని ఉంది. ఈసీజీ కాగితం పైన చిన్న అక్షరాల్లో 2:29. మీరు లోపలికొచ్చింది ఒకటీ నలభైకని చెప్తున్నారు, గేటు దగ్గర సీసీ కెమెరా ఉండే ఉంటుంది. ఈసీజీ మెషిన్ గడియారం తప్పని అవతలి లాయరు అంటాడు, నేనైనా అదే అంటాను, అందుకే కేస్ షీట్ (ఆస్పత్రి రాసిపెట్టిన మీ నాన్నగారి వైద్యం రికార్డు) కావాలి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవాళే అర్జీ పెట్టి రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి, సీసీ ఫుటేజీ చెరపొద్దని కూడా అందులోనే రాయండి. అవి చేతికొచ్చాక ఆ చట్టం కింద ఆస్పత్రుల్ని రిజిస్టర్ చేసే, జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే రిజిస్టరింగ్ అథారిటీకి ఫిర్యాదు, కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు. దానికి రెండేళ్ల టైముంది, మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి కమిషన్‌కి ఫీజు కూడా ఉండదు.

వీటన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. ఈసీజీ వచ్చేది వేడికి అచ్చయ్యే కాగితం మీద, కొన్ని నెలలకే వెలిసిపోతుంది. ఫోటోలో మీది అప్పుడే ఒక పక్క లేతబడినట్టుంది. సాయంత్రంలోగా రెండు జిరాక్సులు తీయించి పెట్టుకోండి.