సాధనకు పాత కటానా కొనాలా, కొత్తది చేయించుకోవాలా?

మీరు ఒసాకాలో ఉంటూ ఇయాయ్‌దో (ఒరలోంచి కత్తి దూసే జపాన్ విద్య, ఇయాయ్ అని కూడా అంటారు) నేర్చుకుంటున్నారు. సాధనకు పాత కత్తి కొనడం మంచిదా, ఇప్పటి కమ్మరితో కొత్తది చేయించుకోవడం మంచిదా, తర్వాత ఇండియాకు తీసుకెళ్లొచ్చా అని అడిగారు. నేనూ ఇయాయ్ చేస్తాను. ఒకాయామాలో ఒక కమ్మరితో కటానా (జపాన్ పొడవాటి కత్తి) చేయించుకున్నాను. సాధనకైతే కొత్తదే చేయించుకోమంటాను.

కారణం డబ్బు కాదు. లైసెన్సున్న కమ్మరి చేసిన కొత్త కటానా చాలాసార్లు కమ్మరి సంతకం లేని మామూలు పాత కత్తి కంటే ఖరీదే. పది లక్షల యెన్ల దగ్గర మొదలవుతుందనుకోండి, పేరున్నవాళ్లయితే దానికి కొన్ని రెట్లు. కానీ పాత కత్తిని సానపట్టించిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది, అది మళ్లీ రాదు. మూడు నాలుగు వందల ఏళ్లుగా ఎవరెవరో నూనె రాసి కాపాడుకుంటూ వచ్చిన దాన్ని రోజూ ఒరలోంచి లాగుతూ గీతలు పడనివ్వడానికి నాకు మనసొప్పదు. పైగా ఎడో కాలం (17-19 శతాబ్దాలు) నాటివి చాలావరకు 70 సెంటీమీటర్ల దగ్గరే ఉంటాయి. మీరు పొడగరి అయితే పొట్టి అనిపిస్తుంది. కొత్తదైతే పొడవు, వంపు, బరువు మీ ఒంటికి తగ్గట్టు అడగొచ్చు.

కమ్మరిని ఎంచుకోవడం దగ్గర తొందరపడకండి. ఫోటోల్లో అంచున మెరిసే హమోన్ గీత మాత్రమే కనిపిస్తుంది, చేతిలో బరువు ఎటు తూగుతుందో తెలియదు. టోక్యో ర్యోగొకులోని జపాన్ కత్తుల మ్యూజియం చూడండి. ఒసాకా నుంచి మీకు దగ్గర సెతోఉచిలోని బిజెన్ ఒసఫునె మ్యూజియం. అక్కడ కొలిమి పని, సానపట్టే పని, ఒర చేసే పని కళ్లారా చూడొచ్చు. ముందు మొత్తం ఆకారం చూడడం అలవాటు చేసుకోండి, హమోన్ తర్వాత. మీ సెన్సేయ్‌కి (గురువుకి) తెలిసిన కమ్మరి ఉంటే ఆయన ద్వారానే వెళ్లడం మేలు.

నేను వెళ్లినప్పుడు కమ్మరిగారు ధర మాట ఎత్తకముందే నా శైలి ఏమిటి, చుట్టిన చాపలు కోస్తానా, ఉత్త కతాలేనా (ఒక వరసలో చేసే కదలికలు) అని అడిగారు. కోసే కత్తిని ఒకలా చేస్తారు, కతాలకు తేలిక చేస్తారు. ఇలాంటివి అడగని చోట ఆర్డర్ ఇవ్వకండి.

ధర చెప్పినప్పుడు అందులో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. కమ్మరి చేసేది ఉక్కు పని. సాన పట్టేవారు వేరు, కత్తి మొదట్లో బిగించే హబాకి అనే లోహపు పట్టీ చేసేవారు వేరు, ఒర చేసేవారు వేరు. నూనె రాసి దాచుకునే తెల్ల చెక్క ఒరతో సాధన చేయలేరు. సాధనకు తాడు చుట్టిన పిడి, త్సుబా (పిడి ముందు చేతికి అడ్డుగా ఉండే బిళ్ల), గట్టి ఒర కావాలి, వాటి ఖర్చు విడిగా ఉండొచ్చు.

ఆలస్యానికి టెన్షన్ పడకండి. నెలకు రెండు పొడవాటి కత్తులకు మించి చేయకూడదని కమ్మరికి నిబంధన ఉంది. ఉక్కు కూడా సులువుగా దొరికేది కాదు. షిమానెలోని ఒకుఇజుమోలో చలికాలంలో మాత్రమే తతారా అనే సంప్రదాయ ఉక్కు కొలిమి రగిలిస్తారు. ఇనుప ఇసుక, బొగ్గు వేస్తూ మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆరనివ్వకుండా నడుపుతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆగిపోయిన ఆ పనిని 1977లో మళ్లీ మొదలుపెట్టారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం నుంచి ఒకప్పుడు పర్షియా దాకా ఉక్కు వెళ్లేది. అక్కడ కొలిముల్ని ఎవరూ ఇలా మళ్లీ రగిలించలేదే అని నాకు బాధగా ఉంటుంది.

కాగితాల విషయానికొస్తే, విదేశీయులం కాబట్టి కొనకూడదన్న నియమం లేదు. కత్తి పూర్తయ్యాక ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి విభాగం) విద్యా మండలిలో రిజిస్టర్ అయి తొరోకుషో అనే కార్డు వస్తుంది. చేతికొచ్చిన 20 రోజుల్లోగా యజమానిగా మీ పేరు ఆ మండలికి తెలియజేయాలి. ఆ కార్డు ఎప్పుడూ కత్తితోనే ఉండాలి, రైల్లో దోజోకి (సాధనశాలకి) తీసుకెళ్లినా సరే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కార్డు లేని కత్తుల జోలికి వెళ్లకండి. యుద్ధకాలంలో ఫ్యాక్టరీలో చేసినవాటికీ, బయటి దేశాల్లో చేసిన నకళ్లకూ ఈ రిజిస్ట్రేషన్ దొరకదు.

ఇక ఇండియా. జపాన్ వైపు సాంస్కృతిక శాఖ నుంచి ఎగుమతి పత్రం తీసుకుని, రిజిస్ట్రేషన్ కార్డు వెనక్కి ఇచ్చేయాలి. కమ్మరి సాయం చేస్తే ఇది అయిపోతుంది. అసలు చిక్కు మన వైపే. 1959 నాటి ఆయుధాల చట్టం కత్తులకూ వర్తిస్తుంది, దిగుమతికి లైసెన్సు కావాలి. అది చేతికి రాకుండా సూట్‌కేసులో పెట్టుకుని హైదరాబాద్ విమానాశ్రయంలో దిగే పని మాత్రం చేయకండి. రెండు మూడేళ్లలో తిరిగి వెళ్లిపోయే ఆలోచన ఉంటే ఇప్పుడు ‘ఇయాయ్‌తో’ అనే పదును లేని మిశ్రమలోహపు సాధన కత్తి కొనుక్కోండి. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మొదటి కొన్నేళ్ల సాధనకు అది చాలు. ఇక్కడే స్థిరపడేట్టయితే ఈ చలికాలంలోనే ఒసఫునె వెళ్లి రండి. మీ ఎత్తు, మీ శైలి ఇక్కడ రాస్తే ఎంత పొడవు అడగాలో నాకు తెలిసినంతలో చెబుతాను.