పెద్ద బండి కొనిస్తే మావాడు రేసర్ అవుతాడా?

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవయ్యేళ్లు. బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం. బైక్ రేసర్ అవుతానని పట్టుబట్టాడు. ఇప్పుడు నడిపే 155 సీసీ బండిది 18 హార్స్‌పవరేనట, దానిమీద ఎంత నేర్చుకున్నా లాభం లేదట. 68 హార్స్‌పవర్ ఉన్న 650 సీసీ బండి కొనిస్తేనే రేసింగ్‌లో నిలబడగలనంటున్నాడు. ఆన్‌రోడ్ ఎనిమిది లక్షలదాకా అవుతుంది. చీటీ డబ్బు చేతికొచ్చింది కాబట్టి కొనగలను. వాళ్లమ్మకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కొనిస్తే అది కెరీర్ అవుతుందా? కొనకపోతే వాడి కోరికను నేనే తుంచేసినట్టా?
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: నమస్కారమండీ. ఆ బండి కొనకండి. అలాగని రేసింగ్ వద్దని కూడా అనకండి. మీ ఇంట్లో ఈ రెండూ ఒకే విషయంలా కలిసిపోయాయి, ముందు వాటిని విడదీద్దాం.

మీవాడు మెకానికల్ విద్యార్థి కదా, ఈ లెక్కలు అతని చేతే వేయించండి. గాలిని తోసుకుంటూ పోవడానికి కావలసిన పవర్ వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపు కావాలంటే పవర్ ఎనిమిది రెట్లు ఉండాలి. 18కీ 68కీ మధ్య తేడా నాలుగు రెట్లకు కాస్త తక్కువ. ఇప్పటి బండి గంటకు 135 కిలోమీటర్లు అందుకుంటుందనుకుంటే, ఈ లెక్క ప్రకారం కొత్త బండి అందుకునేది 210 దగ్గర. టాప్ స్పీడ్‌లో మీకు దక్కేది ఒకటిన్నర రెట్లు. పికప్ మాత్రం బాగా పెరుగుతుంది, అది ఒప్పుకోవాలి.

ఇప్పుడు మలుపు సంగతి. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు, టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణ గుణకం 1 అనుకోండి. బండి జారకుండా తిరగగల గరిష్ఠ వేగం గంటకు సుమారు 80 కిలోమీటర్లు వస్తుంది. ఆ సూత్రంలో టైరు పట్టు, వ్యాసార్ధం, గురుత్వాకర్షణ, ఈ మూడే ఉంటాయి. ఇంజన్ పవర్ ఎక్కడా రాదు. టైర్లు ఒకేలా ఉంటే చిన్న బండికీ పెద్ద బండికీ అదే 80. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని రేస్ ట్రాక్ 3.7 కిలోమీటర్ల పొడవు, అందులో మలుపులు 12. ఒక్కో మలుపు దగ్గర బ్రేకు ఎక్కడ పట్టాలి, బండిని ఎక్కడ వాల్చాలి, థ్రాటిల్ (యాక్సిలరేటర్) మళ్లీ ఎక్కడ తెరవాలి అన్నది రైడర్ చేతిలో ఉంటుంది. బ్రేకు దూరం కూడా వేయించండి. మంచి పట్టున్న రోడ్డుమీద, బాగా బ్రేకు పట్టగలిగినవాడు గంటకు 100 నుంచి ఆగడానికి 50 మీటర్లు చాలు. 200 నుంచి ఆగాలంటే దాదాపు 200 మీటర్లు కావాలి. ముందు బ్రేకు ఎంత నొక్కాలో, ఎప్పుడు మెల్లగా వదలాలో వేళ్లకు అలవాటు కానివాడికి ఆ దూరం ఇంకా పెరుగుతుంది.

మీరు అతనికి అర్థమయ్యేలా చెప్పవలసింది ఇక్కడే ఉంది. ఎక్కువ పవర్ తప్పుల్ని దాచేస్తుంది. 68 హార్స్‌పవర్ బండిమీద మలుపులోకి భయంభయంగా, తప్పు లైన్‌లో వెళ్లినా, బయటికి రాగానే థ్రాటిల్ తిప్పితే పోయిన వేగం రెండు సెకన్లలో తిరిగొస్తుంది. బాగా నడిపాననే అనిపిస్తుంది. 18 హార్స్‌పవర్ బండిమీద మలుపులో గంటకు 10 కిలోమీటర్ల వేగం పోగొట్టుకుంటే, అది తిరిగి రావడానికి తర్వాతి స్ట్రెయిట్ సగం అయిపోతుంది. ఆ తప్పు ల్యాప్ టైమ్‌లో, అంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండుకి పట్టిన సమయంలో, అచ్చుపడిపోతుంది. నేర్చుకునేవాడికి తన తప్పు కనిపించే బండి కావాలి. అది ఇప్పటికే మీ ఇంటి ముందు ఉంది.

నా దగ్గరికి సలహాకోసం వచ్చిన ఒక కుర్రాడు తర్వాత ట్రాక్‌మీద రైడింగ్ స్కూల్‌కి వెళ్లొచ్చాడు. మొదటి రోజు ఒకే గేరులో, బ్రేకు ముట్టకుండా ల్యాప్‌లు తిప్పించారట. మలుపులోకి ఎంత వేగంతో వెళ్లాలో కళ్లతో అంచనా వేసుకోవడం, థ్రాటిల్‌ని కుదుపు లేకుండా తెరవడం, ఆ పూటకు అదే పాఠం. "రెండేళ్లుగా అవసరం లేనిచోట బ్రేకు కొడుతున్నానని ఆ రోజే తెలిసింది సార్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

పైస్థాయి రేసర్లు ఎలా వచ్చారో చూడండి. మార్క్ మార్కెజ్ 20 ఏళ్లకే, 2013లో, బైక్ రేసింగ్‌లో అన్నిటికంటే పై క్లాసైన మోటోజీపీలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంతకుముందు 2010లో గెలిచిన ప్రపంచ టైటిల్ 125 సీసీ క్లాసులోది, 2012లో గెలిచింది మోటోజీపీకి ఒక మెట్టు కిందున్న మోటో2లోది. ఇప్పుడు కూడా 250 సీసీ మోటో3 బండ్లతో మొదలుపెట్టి మోటో2 మీదుగా పైకి రావడమే మామూలు దారి.

మోటోజీపీ రేసర్ వాలెంటినో రోసీ కథ మీవాడికి తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి ఇంజనీరింగ్ కళ్లతో చదవమనండి. వరసగా గెలిపిస్తున్న హోండాను వదిలి 2004లో యమహాకు మారాడు. 1992 తర్వాత యమహాకు ఆ పెద్ద క్లాసు టైటిల్ రాలేదు. సీజన్ మొదటి రేసు దక్షిణాఫ్రికాలోని వెల్కమ్‌లో గెలిచాడు, ఆ ఏడాది ఛాంపియన్ కూడా అయ్యాడు. అందులో రైడర్ గొప్పతనం ఒక్కటే లేదు. మసావో ఫురుసావా అనే ఇంజనీరు నాయకత్వంలో యమహావాళ్లు ఇంజన్ స్వభావాన్నే మార్చారు. సిలిండర్లు సమాన వ్యవధిలో కాకుండా ఎడంగా, దగ్గరగా మండేలా క్రాంక్‌ని, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుని, మలిచారు. దాంతో వెనక టైరు ఎంత పట్టుతో ఉందో రైడర్ చేతికి తెలిసేది. పవర్‌ని మనిషి వాడుకోగలిగేలా చేశారు. హోండాలో తనతో పనిచేసిన చీఫ్ మెకానిక్ జెరెమీ బర్జెస్‌ని కూడా రోసీ వెంట తీసుకెళ్లాడు. బండి ఎక్కడ జారుతోందో, ఎక్కడ బరువుగా తిరుగుతోందో మాటల్లో చెప్పగలగడం, దాన్ని విని సరిచేసే మనిషి పక్కన ఉండడం, ఇవి కూడా నైపుణ్యంలో భాగాలే.

పవర్‌కి విలువ లేదని నేను అనడం లేదు. సమానమైన ఇద్దరు రైడర్లు పొడవాటి స్ట్రెయిట్‌మీద పోటీపడితే ఎక్కువ పవర్ ఉన్నవాడే ముందుంటాడు. ఆ దశ మీవాడికి ఇంకా చాలా దూరం.

వాళ్లమ్మగారి భయం విషయానికొస్తే, అది న్యాయమైన భయం. మన దేశంలో గేర్ బండి లైసెన్స్ చేతికొస్తే 150 సీసీ అయినా 1000 సీసీ అయినా అడిగేవారు లేరు. యూరప్‌లో 18 ఏళ్లవాడికి 35 కిలోవాట్ల దాకానే, అంటే సుమారు 47 హార్స్‌పవర్ దాకానే అనుమతి. రెండేళ్లు నడిపాకే పైమెట్టు. మీవాడు అడుగుతున్న బండి ఆ హద్దు దాటినది. దాన్ని నేర్చుకునేది గుంటూరు రోడ్డుమీదే అవుతుంది, ఎదురుగా ఆటోలు, గేదెలు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు. ట్రాక్‌మీద అందరూ ఒకే దిక్కుకి వెళ్తారు, మార్షల్స్ ఉంటారు, అంబులెన్స్ సిద్ధంగా ఉంటుంది. మొదటిసారి వెళ్లేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. ఇంట్లో కూర్చుని ఊహించుకోవడం కంటే చూస్తే ఆవిడకు కొంత నయం.

ఇక దారి. మన దేశంలో కొత్తవాళ్లకు సరైన మొదటి మెట్టు వన్ మేక్ రేసులు. టీవీఎస్ 1994 నుంచి నడుపుతోంది, హోండాకూ రాయల్ ఎన్‌ఫీల్డ్‌కూ కూడా ఇలాంటివి ఉన్నాయి. వీటిలో అందరికీ ఒకేలాంటి బండి. పక్కవాడి బండి పెద్దదని సాకు చెప్పే వీలు ఎవరికీ ఉండదు. సెలక్షన్‌లో ల్యాప్ టైమ్, ఫిట్‌నెస్ చూస్తారు. పోటీ చేయాలంటే దేశంలో మోటార్‌స్పోర్ట్‌ని నడిపే ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్స్ ఉండాలి. శిక్షణకు కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ లాంటివి చెన్నై ట్రాక్‌మీద క్లాసులు పెడుతుంటాయి. తెనాలి నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నైలో ఉంటారు. ఎనిమిది లక్షల్లో చిన్న భాగం పెడితే మంచి హెల్మెట్, లెదర్ సూట్, గ్లవ్స్, బూట్లు, మొదటి శిక్షణ అయిపోతాయి. ఒక్క జాగ్రత్త: సొంత బండి ట్రాక్‌మీద పడితే మామూలు మోటార్ ఇన్సూరెన్స్ వర్తించదు, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లను పాలసీలు మినహాయిస్తాయి.

దాచకుండా ఒకమాట చెప్పాలి. కేవలం రేసులు నడిపి బతికేవాళ్లు మన దేశంలో చాలా కొద్దిమంది. పైగా ప్రపంచస్థాయికి వెళ్లేవాళ్లు ఎక్కువగా పదేళ్ల వయసులోపే మొదలుపెడతారు, మీవాడికి ఇరవై. అందుకే డిగ్రీ ఆపనివ్వకండి. ఆ డిగ్రీ ఈ రంగంలోకే ఇంకో తలుపు తీస్తుంది. బండి టెస్టింగ్, వెహికల్ డైనమిక్స్ (బండి కదలికల అధ్యయనం), ఇంజన్ కాలిబ్రేషన్ (ఇంజన్‌ని సరిగ్గా ట్యూన్ చేయడం), రేస్ డేటా విశ్లేషణ, ఇవన్నీ నడపడం తెలిసిన ఇంజనీర్లకు బాగా కుదిరే పనులు. బండ్లను పరీక్షించే సంస్థలు పుణెలో ఏఆర్ఏఐ, ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ ఉన్న నాట్రాక్స్, చెన్నై దగ్గర ఒరగడంలో జీఏఆర్‌సీ ఉన్నాయి. కాలేజీలో ఫార్ములా భారత్, బాహా లాంటి, విద్యార్థులే బండి తయారుచేసి పోటీపడే పోటీలకు టీమ్ ఉందేమో ఈ వారమే కనుక్కోమనండి. లేకపోతే నలుగురిని పోగుచేసి తనే మొదలుపెట్టొచ్చు.

మొదటిసారి ట్రాక్ నుంచి వచ్చాక వీడియో చూపించబోతే, ల్యాప్ టైమ్‌ల కాగితం అడగండి. వేగంగా తిరిగిన ఒక్క ల్యాప్‌ని కాకుండా, వరసగా పది ల్యాప్‌ల మధ్య తేడా ఎంతుందో చూడండి. ఆ కాగితం, ఈ సెమిస్టర్ మార్కుల మెమో రెండూ నాకు పంపండి. వచ్చే ఏడాది సెలక్షన్‌కి వెళ్లాలా, ఎంత ఖర్చు పెట్టాలి అన్నది వాటిని చూసి మాట్లాడుకుందాం.