నాలుగున్నరకు లేస్తావు సరే, పడుకునేది ఎన్నింటికి?

ప్రశ్న: మేడమ్, మాది పుంగనూరు దగ్గర పల్లె. తిరుపతిలో ఒక చిన్న కాలేజీలో బీఏ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. 800 మీటర్లు పరిగెత్తుతాను. రోజూ నాలుగున్నరకు లేచి తారకరామ స్టేడియానికి పోతాను, క్లాసులో కళ్లు మూతలు పడతాయి. హిస్టరీలో ఒక పేపర్ పోయింది. బర్త్‌డేలకూ సినిమాలకూ రావడం లేదని రూమ్మేట్లు 'పెద్ద పీటీ ఉష' అని ఎగతాళి చేస్తున్నారు. అమెరికాలో చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో చదివే మా పెదనాన్న కూతురు అక్కడ ఆట, చదువు, ఫ్రెండ్స్ అన్నీ కుదురుతాయంటుంది. నాకెందుకు కుదరడం లేదు? ఈమధ్య మోకాలి కింద ముందు ఎముక కూడా నొప్పి పుడుతోంది.
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చూడమ్మా, లేచే టైమ్ రాశావు, పడుకునే టైమ్ రాయలేదు. రూమ్‌లో కబుర్లు, ఆ తర్వాత ఫోను, పన్నెండు దాటుతుందనుకుంటాను (నేనూ హాస్టల్లో ఉన్నదాన్నే, నాకు కథలు చెప్పొద్దు). అంటే నాలుగున్నర గంటలు. నీ వయసుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, పరిగెత్తేవాళ్లకు ఇంకాస్త ఎక్కువైనా తప్పులేదు. క్లాసులో కునుకు, పోయిన పేపరు, ఎగతాళికి ఏడుపు రావడం... వీటిలో సగం నిద్ర లేకే.

మీ అక్క చెప్పింది అబద్ధం కాదు, కానీ అక్కడి పద్ధతి వేరు. అలాంటి చిన్న కాలేజీలు చాలావరకు ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ ఆటలను నడిపే సంఘం) మూడో డివిజన్‌లో ఉంటాయి, అక్కడ ఆట కోసమని స్కాలర్‌షిప్ ఇవ్వరు, కాబట్టి చదువే ముందు. ప్రాక్టీసు ఎక్కువగా క్లాసులయ్యాక సాయంత్రం పెడతారు. మనమేమో ఎండకు భయపడి తెల్లవారుజామునే మొదలుపెడతాం, కోత పడేది నిద్రకు. అందుకే మీ కోచ్‌ని అడిగి వారంలో రెండు రోజులు సాయంత్రానికి మార్చుకో. మిగతా రోజులు ముందు రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడక, ఫోను పక్క రూమ్ అమ్మాయి దగ్గర పెట్టినా సరే. చదువు మాత్రం రాత్రికి అట్టిపెట్టుకోకు, క్లాసుల మధ్య ఖాళీ గంట దొరికితే లైబ్రరీలో కూర్చో.

చిన్న కాలేజీలో ఒక సుఖముంది, లెక్చరర్లకు నీ పేరు తెలుసు. ఒక కష్టమూ ఉంది, నువ్వు రాకపోతే అందరికీ తెలుస్తుంది. యూనివర్సిటీ టీమ్‌కి సెలెక్ట్ అయితే ఆలిండియా అంతర్ యూనివర్సిటీ మీట్ తరచూ డిసెంబర్, జనవరి ప్రాంతంలో వస్తుంది, అవి సెమిస్టర్ పరీక్షల రోజులు. వెళ్లేముందే ఆన్ డ్యూటీ లెటర్ (కాలేజీ తరఫున ఆటకు పోతున్నావని ఇచ్చే కాగితం) తీసుకుని, జిరాక్స్ కాపీ ఒక్కో లెక్చరర్‌కి నీ చేత్తోనే ఇవ్వు. నా రోజుల్లో కబడ్డీ మీట్‌కి పోయి వచ్చేసరికి ఇంటర్నల్ అయిపోయింది, నా లెటర్ పీడీ సార్ (ఆటల మాస్టారు) టేబుల్ డ్రాయర్లోనే ఉంది, మీద టీ గ్లాసు మరకతో సహా. సార్ మంచివాడే, మరిచిపోయాడంతే. మార్కులు మాత్రం రాలేదు.

ఇక ఫ్రెండ్స్ సంగతి. ప్రతి సినిమాకూ పోనక్కర్లేదు, అసలు పోకపోతే మాత్రం వాళ్లూ పిలవడం మానేస్తారు. నొప్పి తగ్గాక, పోటీ దగ్గర్లో లేని ఒక ఆదివారం, వాళ్లను నువ్వే అలిపిరి మెట్లకు పిలువు. 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా నడక. పరిగెత్తకు, టైమ్ చూడకు, గాలిగోపురం దగ్గర కూర్చుని వాళ్లు కొనిపెట్టింది తిను. మోకాళ్ల మెట్ల దగ్గర 'పెద్ద పీటీ ఉష' అన్న పిల్లే నీ చెయ్యి పట్టుకుని ఎక్కుతుంది, చూడు. దిగడం మాత్రం బస్సులో, దిగేటప్పుడే మోకాళ్ల మీద బరువెక్కువ పడుతుంది.

ఆ ఎముక నొప్పికి రెండు వారాలు పరుగు తగ్గించు, తారు రోడ్డు మీద అసలొద్దు, షూ అడుగు అరిగిందేమో తిరగేసి చూసుకో. అప్పటికీ తగ్గకపోయినా, వేలితో నొక్కితే ఒకేచోట చురుక్కుమన్నా, ఆర్థో డాక్టర్‌కి చూపించుకో. వచ్చే మీట్‌కి ఎన్ని వారాలుందో రాయలేదు నువ్వు. నెల కంటే తక్కువుంటే ఈ వారమే చూపించుకో.