ఎన్‌ఐసీయూలో పెట్టినా బాబు ఎందుకు దక్కలేదు?

ప్రశ్న: నా వయసు 27. తొలి కాన్పు. 29వ వారంలో ఉమ్మనీరు పోయింది. మర్నాడు నొప్పులొచ్చి బాబు పుట్టాడు. బరువు 1,100 గ్రాములు. వెంటనే ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) పెట్టి ఊపిరితిత్తులకు మందు వేశారు. రెండు రోజులు బాగానే ఉన్నాడన్నారు. మూడో రోజు తెల్లారేసరికి పోయాడు. ఒక డాక్టర్ ఇన్ఫెక్షన్ అన్నారు, ఇంకొకరు మెదడులో రక్తస్రావం అన్నారు. ఏది నిజం? నాలుగు రోజుల ముందు నేను నీళ్ల బకెట్ ఎత్తాను. దానివల్లేనా?

జవాబు: ముందు బకెట్ సంగతి తేల్చేద్దాం అమ్మా. ఒకసారి బకెట్ ఎత్తినంత మాత్రాన ఉమ్మనీటి సంచి చిరగదు. ఆ మాటకొస్తే, మంచం దిగకుండా పడుకుంటే నెలలు నిండని కాన్పు ఆగుతుందని కూడా రుజువు కాలేదు. ఇంట్లో ఎవరైనా బకెట్ మాట ఎత్తితే ఈ జవాబు చదివి వినిపించండి.

ఉమ్మనీరు అంత ముందే పోవడానికి తరచుగా కనిపించే కారణం, కింది నుంచి గర్భాశయంలోకి పాకిన ఇన్ఫెక్షన్. తల్లికి జ్వరం కూడా రాకపోవచ్చు. గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉండటం, కవలలు, ఉమ్మనీరు మరీ ఎక్కువ కావడం కూడా కారణాలే. చాలాసార్లు ఏదీ దొరకదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇద్దరు డాక్టర్లు చెప్పిందీ నిజమే కావచ్చు. 1,100 గ్రాముల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే 100 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసుడు. మెదడు లోపలి గదుల అంచున ఉండే రక్తనాళాలు ఆ వయసుకు సాలెపోగుల్లా ఉంటాయి. నెలలు నిండేసరికి ఆ నాళాలున్న పొర దానంతటదే కరిగిపోతుంది, 29 వారాలకు మాత్రం ఇంకా ఉంటుంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరితే బీపీ పడిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. ఆ ఊపుకు పోగులు తెగుతాయి. మెదడులో ఇలాంటి రక్తస్రావాలు ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతాయి. తల్లి నుంచి వచ్చే ఇన్ఫెక్షన్ బయటపడేదీ ఆ 72 గంటల్లోనే. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటాక పుట్టిన బిడ్డకు ఆ ముప్పు ఎక్కువ. మరణ కారణాల పత్రంలో ఒకదాని కింద ఒకటిగా కారణాలు రాసేది అందుకే.

‘రెండు రోజులు బాగానే ఉన్నాడు కదా’ అన్న మాటే తల్లిదండ్రులను ఎక్కువ తొలిచేస్తుంది. ఇంత చిన్న బిడ్డలకు ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం రావాలని లేదు. ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి పది, ఇరవై సెకన్లు ఆగి మళ్లీ మొదలవుతుంది, రంగు బూడిదలా మారుతుంది. కొన్నిసార్లు సాయంత్రం నిలకడగా ఉన్న బిడ్డ అర్ధరాత్రికి చేయి దాటిపోతుంది. రక్తంలో క్రిములున్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ రిపోర్టుకేమో రెండు రోజులు పడుతుంది, అందుకే అనుమానం రాగానే యాంటీబయాటిక్స్ మొదలుపెడతాం.

మీ బాబుకు వేసిన మందు సర్ఫాక్టెంట్. ఊపిరి వదిలినప్పుడు గాలి గదులు అంటుకుపోకుండా చూసే సబ్బులాంటి పదార్థం అది. నెలలు నిండని ఊపిరితిత్తుల్లో అది చాలదు. ప్రతి ఊపిరికీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడటం మీరూ చూసే ఉంటారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ప్యాట్రిక్ దాదాపు 35వ వారంలో, రెండు కిలోలకు పైగా బరువుతో పుట్టి కూడా 39 గంటలకే ఈ సర్ఫాక్టెంట్ కొరత జబ్బుతో చనిపోయాడు. అప్పటికి ఈ మందు లేదు. ఇప్పుడైతే అలాంటి బిడ్డలు దాదాపు అందరూ బతుకుతారు. కానీ మందు ఊపిరితిత్తులకు ఆసరా ఇస్తుంది, మెదడుకూ రోగనిరోధక శక్తికీ నెలలు తెచ్చిపెట్టలేదు.

నెలలు నిండి పుట్టినవాళ్లలో కారణాలు వేరు. కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, పుట్టుకతో గుండె లోపాలు ముఖ్యమైనవి. ప్రపంచవ్యాప్తంగా 2022లో సుమారు 23 లక్షల మంది పసికందులు నెల రోజుల లోపే చనిపోయారు, ప్రతి నలుగురిలో ముగ్గురు మొదటి వారంలోనే. తల్లికి బీపీ, అదుపులో లేని షుగర్, పుట్టాక బిడ్డను వేరే ఆసుపత్రికి తరలించాల్సి రావడం, దారిలో ఒళ్లు చల్లబడటం, ఇవన్నీ ముప్పును పెంచేవే.

మీరు చేయాల్సింది: ఆసుపత్రి నుంచి బాబు కేస్ సమ్మరీ, తల స్కాన్, బ్లడ్ కల్చర్ రిపోర్టులు తీసుకోండి. మాయను పరీక్షకు పంపి ఉంటే ఆ రిపోర్టు కూడా అడగండి, ఇన్ఫెక్షన్ జాడ అందులో దొరకవచ్చు. మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం ఏడాదిన్నర వ్యవధి ఇస్తే మంచిది. ఈసారి నెల తప్పగానే ఈ కాగితాలతో డాక్టర్‌ను కలవండి. 16వ వారం నుంచి ముఖద్వారం పొడవు స్కాన్‌లో చూస్తుంటారు. అవసరమైతే ప్రొజెస్టెరాన్ హార్మోన్ ఇస్తారు, లేదా ముఖద్వారానికి కుట్టు వేస్తారు. ఎన్‌ఐసీయూ ఉన్న ఆసుపత్రిలోనే పేరు నమోదు చేయించుకోండి. మళ్లీ ముందే నీరు పోతే నొప్పుల కోసం ఎదురుచూడకుండా వెంటనే అక్కడికి వెళ్లండి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం మీకిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పూర్తిగా పనిచేయాలంటే కాన్పుకు ముందు ఒక రోజైనా వ్యవధి కావాలి.