నిర్వాణం, నిర్యాణం, ఒక సంతాప కార్డు

సందేహం: మా నాయన రిటైరైనాక బౌద్ధం పాటించిన మనిషి. ఆయన పోయినప్పుడు సంతాప సభ కార్డులో 'మహాపరినిర్వాణం చెందినారు' అనీ, కింద 'సంస్కారాలన్నీ అనిత్యాలు' అనీ వేయించినాము. వేలూరులో ఉండే మా అత్తకు చదివి వినిపిస్తే మొదటి మాట దగ్గరే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా చిన్నాయనకేమో రెండో మాట మీద కోపం. 'సంస్కారం నిలవదంటే ఏమర్థం? మా అన్నకు సంస్కారం లేదనా?' అన్నాడు. వచ్చే నెలకు ఏడాది. మళ్ళీ కార్డు వేయాల. ఏమని రాయాల?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీ అత్తను తప్పు పట్టలేము. తమిళంలో 'నిర్వాణం' అంటే ఒంటి మీద గుడ్డ లేకపోవడం. రోజూ అరవం మాట్లాడే చెవికి మొదట తగిలేది ఆ అర్థమే. సరిహద్దు జిల్లా కార్డుకు ఈ చిక్కు తప్పదు. తిరుపతిలో అచ్చువేసినా అది అరవదేశపు తిరుత్తణికీ పోతుంది, కన్నడదేశపు ముళబాగిలుకూ పోతుంది.

అరవం సంగతి అట్లా ఉంచి తెలుగులోనే చూద్దాం. కార్డుల్లో, ఫ్లెక్సీల్లో నిర్యాణం, నిర్వాణం ఒకటే అన్నట్టు వాడుతున్నారు. అక్షరం ఒక్కటే తేడా, కానీ ధాతువులే వేరు. నిర్యాణంలో ఉన్నది 'యా', అంటే పోవడం. ప్రయాణంలో ఉన్నదీ అదే. బయలుదేరి వెళ్ళిపోవడం నిర్యాణం. 'పోయినారు' అని మనం ఇంట్లో అనుకునే మాటకు సంస్కృతంలో ఇంతకంటె దగ్గరి మాట దొరకదు. (అమరకోశంలో ఏనుగు కంటి కొసకూ నిర్యాణమనే పేరుంది. ఆ ఏనుగుతో మనకిప్పుడు పని లేదు.)

నిర్వాణంలో ఉన్నది 'వా', వీచడం. దీనికోసం పాణిని ఒక సూత్రమే చేశాడు: 'నిర్వాణోఽవాతే' (8.2.50). గాలి ఆగిపోతే 'నిర్వాతం' అనాలి, గాలి కానిది ఆగితే 'నిర్వాణం' అనాలి అని దాని సారం. పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి దీనికి ఇచ్చే ఉదాహరణలు మూడు: నిర్వాణమైన అగ్ని, నిర్వాణమైన దీపం, నిర్వాణుడైన భిక్షువు. వ్యాకరణం చదువుకునే రోజుల్లో ఈ మూడోది చూసి ఆగిపోయాను. చల్లారిన నిప్పు, ఆరిన దీపం, వాటి పక్కన ఒక సన్న్యాసి! బౌద్ధుల మాట వ్యాకరణంలో ఎంత మామూలుగా కూర్చుందో చూడండి.

బౌద్ధంలో ఆరిపోయేది మనిషి కాదు. రాగం, ద్వేషం, మోహం అనే మూడు మంటలు. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో 'ఉపాదానం' అంటే అంటిపెట్టుకోవడం, మంటను నిలిపే ఇంధనం కూడా అదే మాట. నూనె వేసేవాళ్ళు లేకపోతే దీపం తనంతట తనే కొండెక్కుతుంది. మన పెద్దలు 'దీపం ఆరిపోయింది' అనకుండా 'కొండెక్కింది' అంటారు కదా, అశుభం పలకకూడదని. తిరుపతిలో కొండెక్కడమంటే దర్శనానికి పోవడమే కాబట్టి ఇక్కడి పిల్లలకు ఈ నుడికారం విడమరచి చెప్పాల్సి వస్తుంది. బుద్ధుడు పోయినప్పుడు ఆయన శిష్యుడు అనురుద్ధుడు చెప్పిన పద్యంలోనూ దీపమే ఉంది: 'పజ్జోతస్సేవ నిబ్బానం', దీపం ఆరినట్టు ఆయన చిత్తానికి విముక్తి కలిగింది అని.

కాబట్టి నిర్వాణానికి చావు అక్కరలేదు. గౌతముడికి అది బుద్ధగయలో ముప్పై అయిదో ఏట దక్కింది. ఆ తర్వాత 45 ఏళ్ళు ఊరూరా తిరిగి, భిక్ష తిని, మాట్లాడి, 80వ ఏట కుశీనగరంలో దేహం వదిలాడు. ఈ రెండోదే పరినిర్వాణం, భక్తితో మహాపరినిర్వాణం. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించి, రెండు నెలలైనా గడవకముందే డిసెంబరు 6న కన్నుమూశారు. ఆ రోజును మహాపరినిర్వాణ దినంగా పాటిస్తున్నారు. అది గౌరవంతో స్థిరపడిన వాడుక, దాన్ని నిఘంటువు పట్టుకుని కొలవకూడదు. ఇంటి పెద్దకు మాత్రం నేనైతే ఆ మాట వేయను. అన్ని మంటలూ చల్లారినాయని కొడుకులూ కూతుళ్ళూ ధ్రువపత్రం ఇవ్వడం మీ నాయనకే నచ్చకపోవచ్చు.

ఇక మీ చిన్నాయన కోపం. ఆయన తెలుగు ప్రకారం ఆయన చెప్పింది న్యాయమే. తెలుగులో సంస్కారమంటే మంచీ మర్యాదా, లేదంటే అంత్యసంస్కారం. పాళీ 'సంఖార' అది కాదు. నాలుగు కలిపి చేసినదేదైనా సంఖారమే. నాయన పటానికి వేసిన దండనే చూడండి. పూలు ఒక తోటవి, అరటినార ఇంకో తోటది, కట్టింది ఎవరి వేళ్ళో. పొద్దున అది దండ. సాయంత్రానికి రేకలు పటం అంచున రాలివుంటాయి, నార ఒక్కటే వేలాడుతుంటుంది. సంఖారమంటే ఆ దండ, ఆ పటం, పటంలోని మనిషి, చూస్తున్న మనమూ.

మీరు వేసింది 'అనిచ్చా వత సంఖారా' అనే గాథలోని మాట. శ్రీలంకలో చావు ఇంటి దగ్గర కట్టే తెల్లగుడ్డల మీద ఇదే రాస్తారు. అక్కడ అందరికీ తెలిసిన మాట కాబట్టి నప్పుతుంది. మన దగ్గర సంస్కృతం చేసి పెడితే అర్థం తలకిందులైంది. 'కూడినవన్నీ విడిపోయేవే' అంటే చాలు. బిడ్డను పోగొట్టుకుని వచ్చిన కిసాగోతమికి బుద్ధుడు ముందుగా అనిత్యం గురించి ఉపదేశం చేయలేదు, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు. తిరవాతలో వేసే గింజ, లేని ఇల్లుండదు. గింజలు ఎవరైనా ఇస్తారు, ఆ ఇల్లే దొరకలేదు.

ఏడాది కార్డుకు 'వర్ధంతి' వేస్తారేమో, ఒక మాట. తెలుగులో అది చనిపోయిన రోజే, తప్పేమీ లేదు. కన్నడంలో మాత్రం వర్ధంతి అంటే పుట్టినరోజు. మైసూరు చాముండి కొండ మీద ఆషాఢంలో అమ్మవారి వర్ధంతి అంటే జన్మదినమే. ముళబాగిలు వైపు బంధువులుంటే ఈసారి వాళ్ళు నవ్వుతారు. 'మా నాయన నిర్యాణం చెంది ఏడాది' అని వేయించండి. కింద, కావాలంటే, 'కూడినవన్నీ విడిపోయేవే'. వేలూరుకు పంపే కార్డులోనూ అదే ఉంచవచ్చు. నిర్యాణంలోని య-వత్తు మీద ఒక కన్నేసి ఉంచండి, ప్రెస్సులో అది వ-వత్తుగా మారడం నేను చూశాను.